డీజిల్ ప్రెషర్ సెన్సార్ ఎక్కడ బిగించాలి: ఫీడ్ పంపు దగ్గరా, ఫిల్టర్ దాటాకా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ. రాయగడలో మీకు ఆరు సిలిండర్ల టర్బో లారీ ఉంది, మైకో ఇన్‌లైన్ పంపు, అంటే సిలిండర్‌కొక ఎలిమెంటు (బ్యారెల్ అనే గొట్టంలో పైకీ కిందికీ ఆడే ప్లంజరు) చొప్పున వరసగా ఉండి నాజిళ్ళకు డీజిల్ కొట్టే మెయిన్ పంపు. పంపు షాపులో పెద్ద ఎలిమెంట్లు వేయించి డీజిల్ పెంచారు. అది చాలదన్నట్టు ట్యాంకు దగ్గర ఒక ఎలక్ట్రిక్ పంపు కూడా కలిపారు. మైదానంలో బాగానే లాగుతోంది కానీ, లోడుతో సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతుంటే సగం దారిలో పికప్ పడిపోతోంది. ప్రెషర్ మీటరు పెడదామంటే ఒక మెకానిక్ ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ పీల్చి మెయిన్ పంపుకు పంపే చిన్న పంపు) అవుట్‌లెట్ దగ్గర అన్నాడు, ఇంకొకరు ఫిల్టర్ తర్వాత అన్నారు, ఎవరో వీడియోలో రైలు మీద పెట్టాలని చెప్పారు.

ముందు ఆ మూడోది పక్కన పెట్టండి. రైలు అంటే నాజిళ్ళన్నిటికీ కలిపి హైప్రెషర్ డీజిల్ నిలవుండే లావు పైపు, అది ఉండేది కామన్ రైల్ ఇంజిన్లకు. మీ బండికి రైలే లేదు. మిగిలిన ఇద్దరూ తప్పు చెప్పలేదు, కానీ ఇద్దరూ వేర్వేరు జబ్బులకు మందు చెప్పారు. సెన్సార్ తాను ఉన్న చోట ప్రెషర్ ఎంతో మాత్రమే చెబుతుంది. ఫీడ్ పంపు అవుట్‌లెట్ దగ్గర పెడితే ఫీడ్ పంపు బాగుందో లేదో తెలుస్తుంది. ఆ తర్వాత ఫిల్టర్ మూసుకుపోయి మెయిన్ పంపు డీజిల్‌కి మొహం వాచినా అక్కడి మీటరు నిక్షేపంగా కనిపిస్తుంది. పైగా ముందు దారి మూసుకుంటే వెనక ప్రెషర్ ఇంకాస్త పెరుగుతుంది కాబట్టి "మీటరు బాగానే ఉంది, డీజిల్ సైడు ఏమీ లేదు" అని టర్బో విప్పే ప్రమాదం ఉంది. ఒక్క సెన్సారే పెట్టేటట్టయితే ఆఖరి ఫిల్టర్ దాటాక, మెయిన్ పంపు గ్యాలరీలోకి (ఎలిమెంట్ల చుట్టూ డీజిల్ నిలిచే గదిలోకి) డీజిల్ వెళ్ళే బాంజో బోల్టు, అంటే లోపల డీజిల్ పారే బోలు బోల్టు దగ్గర పెట్టండి. అక్కడ ప్రెషర్ ఉందంటే ట్యాంకు నుంచి అక్కడివరకు అన్నీ పని చేస్తున్నట్టే.

ఆ చోటు ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే పంపు లోపల ఏం జరుగుతుందో కాస్త చూడాలి. ఎలిమెంటు కిందికి దిగినప్పుడు గ్యాలరీలోని డీజిల్ బ్యారెల్ లోపలికి వచ్చి నిండాలి. దానికి ఉన్న టైము చాలా తక్కువ. గ్యాలరీలో తగినంత ప్రెషర్ ఉంటేనే ఆ కొద్ది సేపట్లో బ్యారెల్ పూర్తిగా నిండుతుంది. ప్రెషర్ తగ్గితే సగమే నిండుతుంది, మిగతా చోట ఆవిరి బుడగలు చేరతాయి. నాజిల్‌కి వెళ్ళే డీజిల్ తగ్గి పికప్ పోతుంది, ఆ బుడగలు పగిలే చోట ఎలిమెంటు లోహం కూడా తినేస్తుంది. మామూలు ఇన్‌లైన్ పంపుల్లో గ్యాలరీ ప్రెషర్ సుమారు ఒకటి నుంచి ఒకటిన్నర బార్ ఉంటుంది, మన షాపుల్లో కేజీ అంటారే అదే. పెద్ద పి టైపు పంపులకు ఇంతకంటే ఎక్కువ కావాలి. మీ పంపు మీది ప్లేటు నంబరు చూపిస్తే కాలిబ్రేషన్ షాపు వాళ్ళు సరైన లెక్క చెబుతారు. అది తెలుసుకోకుండా మీటరు కొనకండి.

ఎలిమెంట్లు పెద్దవి చేసినప్పుడు చాలామంది నాజిళ్ళ గురించి, టర్బో గురించి ఆలోచిస్తారు, ఫీడ్ పంపు గురించి ఆలోచించరు. 180 హార్స్‌పవర్ ఇంజిన్ పూర్తి లోడులో గంటకు సుమారు 35 లీటర్లు కాలుస్తుంది. ఫీడ్ పంపు అంతకంటే బాగా ఎక్కువ పంపాలి. మిగిలింది ఓవర్‌ఫ్లో వాల్వు గుండా రిటర్న్ పైపులో ట్యాంకుకు పోతుంది, పోతూ పంపు వేడిని, గాలిబుడగలను తీసుకుపోతుంది. మీరు డీజిల్ పెంచారు కాబట్టి ఆ మిగులు తగ్గింది. మైదానంలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కేది కొద్దిసేపే, ఫీడ్ పంపు తేరుకుంటుంది. ఘాట్‌లో అయితే లోడుతో చాలాసేపు తొక్కి పట్టుకోవాలి. అందుకే మీ బండి జబ్బు అక్కడ మాత్రమే బయటపడుతోంది.

ఘాట్ సంగతి వచ్చింది కాబట్టి ఎత్తు గురించి కూడా. సాలూరు కొండల కిందనే ఉంది, కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది. అంత ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టం కంటే దాదాపు పదో వంతు తక్కువ, అంటే 0.1 బార్. ట్యాంకు నుంచి డీజిల్ పీల్చేది పంపే అయినా, వెనకనుంచి నెట్టేది ట్యాంకు మీది గాలి. కాబట్టి కింద అంతంత మాత్రంగా పీల్చే బండి పైకి వెళ్ళేసరికి మరికొంత ఇబ్బంది పడుతుంది. ఇంజిన్‌కి అందే గాలి కూడా తగ్గుతుంది కనుక నేరం మొత్తం డీజిల్ మీదే వేయలేం.

అందుకే నేనైతే సెన్సార్ కొనే ముందు పొగ చూస్తాను. ఘాట్‌లో పికప్ పోయినప్పుడు వెనక నల్లటి పొగ దట్టంగా వస్తుంటే డీజిల్ చాలుతోంది, గాలి చాలట్లేదు. ఎయిర్ ఫిల్టర్, టర్బో హోసు చీలిక, ఇంటర్‌కూలర్ ఉంటే దాని క్లిప్పులు చూడండి. డీజిల్ ప్రెషర్ మీటరు పెట్టి ఉపయోగం లేదు. పికప్ పోయి, పొగ కూడా తగ్గిపోతే మాత్రం అది డీజిల్ అందక. మీరు పొగ సంగతి రాయలేదు. క్లీనర్ని కిందికి దింపి ఒక్కసారి చూడమనండి, ఖర్చు లేని పరీక్ష. ఇంకొకటి కూడా ఉచితమే: పికప్ పోయిన చోట బండి పక్కకు ఆపి ట్యాంకు మూత తెరవండి. సుయ్‌మని గాలి లోపలికి పీల్చిన చప్పుడు వచ్చి, ఆ తర్వాత బండి బాగా లాగిందంటే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయింది. సరుగుడు, నీలగిరి దుంగలు మోసే బండ్లకు మట్టి పట్టి ఇలా అవడం చాలా మామూలు.

పొగ తగ్గుతోంది, మూత బాగుంది అనుకుందాం. అప్పుడు సెన్సార్.

బాంజో బోల్టు తల మీద రంధ్రం చేసి చూడి (మర, అంటే థ్రెడ్) దింపిన రెడీమేడ్ బోల్టులు దొరుకుతాయి. లేకపోతే లేతు షాపులో చేయించవచ్చు. చాలా బోష్, మైకో ఫిటింగుల్లో బోల్టు 14 ఎంఎం, పిచ్ 1.5 ఉంటుంది కానీ కళ్ళతో చూసి నమ్మకండి, పిచ్ గేజి పెట్టి చూడండి. సెన్సార్ వైపు చూడి విషయంలో ఇంకా జాగ్రత్త. అమెరికా పద్ధతి చూడి ఎన్‌పీటీ 1/8కి అంగుళానికి 27 చుట్లు, బ్రిటిష్ పద్ధతి బీఎస్‌పీ 1/8కి 28 చుట్లు. రెండూ ఒకదాంట్లో ఒకటి రెండు మూడు చుట్లు తిరుగుతాయి, ఆ తర్వాత బిగుసుకుంటాయి, బాగా పట్టిందనిపిస్తుంది. నాలుగు రోజులకు చెమ్మ కనిపిస్తుంది. బోల్టుకు రెండు వైపులా కొత్త రాగి వాషర్లు వేయండి. పాతవి మంటలో ఎర్రగా కాల్చి చల్లార్చి వేసేవాళ్ళున్నారు, రాగి మెత్తబడుతుంది కాబట్టి అత్యవసరంలో పనికొస్తుంది. కానీ కొత్త వాషరు ధర ఎంతని!

తెల్ల టేపు మాత్రం వద్దు. ఫిల్టర్ దాటిన తర్వాత పెడుతున్నాం కాబట్టి అక్కడ ఊడిన టేపు ముక్కను ఆపడానికి ముందు ఏ ఫిల్టరూ లేదు. అది నేరుగా పంపులోకి, డెలివరీ వాల్వులోకి పోతుంది. డీజిల్‌కి తట్టుకునే లిక్విడ్ సీలెంటు, మొదటి చుట్టు వదిలేసి కొద్దిగా రాయండి. ఒంటి వైరు సెన్సార్ అయితే టేపుతో ఇంకో గొడవ ఉంది: దానికి ఎర్తు బాడీ ద్వారానే అందాలి, టేపు దాన్ని అడ్డుకుంటుంది. మీటరు ముల్లు ఒక చివరకు పోయి కూర్చుంటుంది, మనం సెన్సార్ పోయిందనుకుంటాం.

ఇప్పుడు అసలు తప్పు జరిగే చోటు. సెన్సార్‌ను నేరుగా ఆ బోల్టు మీదే బిగించేస్తారు. అది చూడటానికి బాగుంటుంది, ఎక్కువ కాలం బతకదు. రెండు కారణాలు. ఇంజిన్ వణుకు ఒకటి. బరువైన సెన్సార్ బోల్టు తల మీద వేలాడుతూ వణికితే ముందు లోపలి స్లైడరు అరుగుతుంది, తర్వాత బోల్టు మెడ దగ్గర పగులుతుంది. రెండోది డీజిల్ కొట్టుకోవడం. ప్రతి ఎలిమెంటు ఇంజెక్షన్ ముగిసే క్షణంలో మిగిలిన హైప్రెషర్ డీజిల్‌ను తిరిగి గ్యాలరీలోకి వదిలేస్తుంది. ఆరు సిలిండర్లు, పంపు ఒక్క చుట్టుకు ఆరు దెబ్బలు. మెకానికల్ గేజి పెడితే ముల్లు కనిపించనంతగా వణికి కొద్ది రోజుల్లో పళ్ళు అరిగిపోతాయి. ఎలక్ట్రిక్ సెన్సార్‌లో ముల్లు వణకదు కానీ లోపలి పల్చటి రేకు, డయాఫ్రమ్, ఆ దెబ్బలన్నీ తింటూనే ఉంటుంది.

అందుకని బోల్టు నుంచి ఒక అర మీటరు డీజిల్ హోసు, మంచిది, పైన అల్లిన జాలీ ఉన్నది, చాసిస్ మీదికో క్యాబిన్ వెనక గోడ మీదికో తీసుకెళ్ళి అక్కడ సెన్సార్ బిగించండి. హోసు మొదట్లో సన్న రంధ్రం ఉన్న చిన్న అడ్డు పెట్టాలి. స్నబ్బర్ అని అమ్ముతారు. దొరకకపోతే లేతులో ఒక ఎంఎం కంటే సన్న రంధ్రంతో ఇత్తడి ముక్క చేయించుకోండి. దెబ్బలు అక్కడే తేలిపోతాయి, సగటు ప్రెషర్ మాత్రం సెన్సార్‌కి చేరుతుంది. అంత దూరం తీసుకెళ్తే ప్రెషర్ తగ్గదా అని అడుగుతారు. ఆ హోసులో డీజిల్ పారదు, నిలబడి ఉంటుంది, కాబట్టి తగ్గదు. ఎత్తు తేడా వల్ల కూడా ఒక మీటరు ఎత్తుకు 0.08 బార్ మాత్రమే మారుతుంది, మీరు పెట్టేది అర మీటరు. సెన్సార్ నోరు కిందికి ఉండేలా బిగిస్తే చెత్త దానిలో చేరదు. హోసులో గాలి మాత్రం ఒకసారి తీసేయండి. హోసును సైలెన్సర్ వైపు, టర్బో వైపు పోనివ్వకండి. డీజిల్ చుక్క ఎర్రగా కాలిన టర్బో మీద పడితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

క్యాబిన్ లోపలికి డీజిల్ పైపు తెచ్చి మెకానికల్ గేజి పెట్టే పద్ధతి మన వైపు ఇంకా ఉంది. ఆయిల్ గేజికి అలా చేసేవారు కాబట్టి అలవాటు. డీజిల్‌కి వద్దు. పైపు చిట్లితే డ్రైవరు ఒళ్ళో పడుతుంది. వైరు మాత్రమే లోపలికి రావాలి.

వైరింగు దగ్గర ఒక్క మాట. మీ బండి 12 వోల్టులా 24 వోల్టులా చూసుకుని మీటరు కొనండి. 10 నుంచి 180 ఓముల పాత రకం సెన్సార్‌కి ఆ రకం మీటరే కావాలి. మూడు వైర్ల కొత్త రకానికి సరిగ్గా 5 వోల్టులు ఇవ్వాలి, అది ప్రెషర్‌ను బట్టి 0.5 నుంచి 4.5 వోల్టులు తిరిగి ఇస్తుంది. దానికి బ్యాటరీ నుంచి 24 నేరుగా ఇస్తే అంతటితో సరి. ఇగ్నిషన్ నుంచి ఫ్యూజు వేసి తీసుకోండి. రేంజి విషయంలో పెద్దది మంచిదనుకోకండి. ఒకటిన్నర బార్ చూడ్డానికి 0 నుంచి 10 బార్ మీటరు పెడితే, దాని తప్పు రెండు శాతం అనుకున్నా 0.2 బార్ అవుతుంది. మనకు కావలసిన తేడాలే అంత ఉంటాయి. ఒకటిన్నర బార్ పంపుకు 0 నుంచి 4 బార్ చాలు.

ఇక ఫీడ్ పంపు అవుట్‌లెట్ అన్న మెకానిక్ మాట కూడా వృథా చేయొద్దు. ఫిల్టర్‌కు ముందున్న బాంజోలో కూడా చూడి బోల్టు వేసి దానికి ప్లగ్గు బిగించి వదిలేయండి. ఖర్చు ఒక బోల్టుది. అనుమానం వచ్చిన రోజు సెన్సార్ హోసును అక్కడికి మార్చి చూడొచ్చు. ఫిల్టర్‌కు ముందు బాగుండి తర్వాత తక్కువగా ఉంటే ఫిల్టర్. కొత్త ఫిల్టర్ వేసిన రోజే రెండు చోట్లా ఫుల్ లోడులో ఎంత ఉందో డైరీలో రాసుకోండి. ఆ తేడా మీద ఇంకో 0.3 బార్ పెరిగితే నేను కిలోమీటర్లు లెక్కపెట్టకుండా ఫిల్టర్ మార్చేస్తాను. క్వారీల్లో, పని చోట్లలో డ్రమ్ముల నుంచి డీజిల్ పోసే బండ్లకు కంపెనీ చెప్పిన కిలోమీటర్ల లెక్క పనికిరాదు. వానాకాలంలో నీళ్ళ సంగతి సరేసరి, సెపరేటర్ కింది ప్లగ్గు తీసి చూస్తూ ఉండండి.

రెండు చోట్లా తక్కువగా ఉంటే జబ్బు ఇంకా వెనక ఉంది: ఫీడ్ పంపు వాల్వులు, లేదా ట్యాంకు నుంచి వచ్చే పీల్చే పైపు. ఇక్కడ ప్రెషర్ సెన్సార్ పని చేయదు, ఎందుకంటే పీల్చే వైపు ప్రెషర్ సున్నా కంటే కింద ఉంటుంది. వాక్యూమ్ చూపించే గేజి కావాలి. వాక్యూమ్ ఎక్కువగా ఉంటే ట్యాంకులో డీజిల్ వడకట్టే జాలీ మూసుకుంది, లేదా లోపలి పొర ఊడిన రబ్బరు పైపు పీల్చినప్పుడు అతుక్కుపోతోంది. వాక్యూమ్ లేదు, ముందు ప్రెషరూ లేదు అంటే పంపు పీల్చట్లేదు, లేదా గాలి పీలుస్తోంది. చీలిన స్ట్రాతో కొబ్బరి నీళ్ళు తాగినట్టే, బయటికి చుక్క కారదు, లోపలికి మాత్రం గాలి వస్తుంది. అందుకే బండి కింద తడి వెతికి ఏమీ లేదంటారు. రాత్రి ఆపి పొద్దున స్టార్ట్ చేస్తే ఆలస్యంగా అందుకుంటుందా? అయితే దాదాపు అదే. ఫీడ్ పంపుకు ముందు ఒక జానెడు పారదర్శకమైన పైపు తాత్కాలికంగా వేసి చూస్తే బుడగలు కనిపిస్తాయి.

మీ బండిలో నాకు ఎక్కువ అనుమానం ఉన్నది ఆ ఎలక్ట్రిక్ పంపు మీద. ఫీడ్ పంపుకు సాయంగా ట్యాంకు దగ్గర వరసలో కలిపారు. అది తిరుగుతున్నంతసేపూ సాయమే. వైరు ఊడినా, బ్రష్‌లు అరిగినా, అదే దారికి అడ్డం. ఇంజిన్ ఫీడ్ పంపు దాని గుండా పీల్చుకోవాలి. మైదానంలో ఎలాగో లాగుతుంది, ఘాట్‌లో ఓడిపోతుంది, మీరు చెప్పిన లక్షణం సరిగ్గా ఇదే. ఘాట్‌లో పికప్ పోయినప్పుడు దాని దగ్గర చెయ్యి పెట్టి తిరుగుతోందో లేదో చూడండి. ఉంచాలనుకుంటే పక్కనుంచి నాన్‌రిటర్న్ వాల్వుతో బైపాస్ ఇవ్వండి. ఇంకో సంగతి, పెట్రోలు ఇంజెక్షన్ కార్ల పంపు తెచ్చి పెట్టి ఉంటే తీసేయండి. అవి మూడు నాలుగు బార్ కోసం చేసినవి, పాత ఫీడ్ పంపు సీళ్ళు దానికి తట్టుకోవు.

మీటరు మరీ ఎక్కువ చూపిస్తే సంతోషించకండి, రిటర్న్ పైపు నలిగి ఉంటుంది లేదా ఓవర్‌ఫ్లో వాల్వు పట్టేసి ఉంటుంది. ఆ వాల్వు స్ప్రింగు మెత్తబడితే ఉల్టా, ప్రెషర్ నిలవదు, మంచి ఫీడ్ పంపును మార్చేస్తారు. దాన్ని ముందు మార్చి చూడండి, చవక. చోటు సులువుగా దొరికిందని సెన్సార్‌ను రిటర్న్ పైపులో బిగించిన టిప్పర్లు జయపురం వైపు చూశాను. ఓవర్‌ఫ్లో వాల్వు దాటాక ప్రెషర్ ఉండదు, మీటరు ఎప్పుడూ సున్నా చుట్టూనే తిరుగుతుంది. ఓనరు టెన్షన్ పడి పంపు దింపిస్తాడు.

మీలా కాకుండా కామన్ రైల్ బండి ఉన్నవాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి కొద్దిగా. పొగ నిబంధనలు 2017లో బీఎస్ 4, 2020లో బీఎస్ 6 వచ్చాక రోడ్డు మీదికి వచ్చే కొత్త బండ్లు ఎక్కువ ఇవే. రైలులో ఐడిల్‌కే 250, 300 బార్ ఉంటుంది, లోడులో 1600 దాటుతుంది. ఆ పైపులకు, రైలుకు రంధ్రం చేయడం, అదనపు సెన్సార్ తగిలించడం ఎవరూ చేయకూడదు. సూది మొన లాంటి లీకు దగ్గర చెయ్యి పెడితే డీజిల్ చర్మం లోపలికి దిగిపోతుంది, పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది. నొప్పి లేదని ఇంటికి పోకుండా వెంటనే సర్జరీ ఉన్న ఆసుపత్రికి పోవాలి. రైలు ప్రెషర్ కావాలంటే కంపెనీ సెన్సార్ ఉంది, స్కానరు పెట్టి చదువుకోవచ్చు. అయితే పవర్ పెంచడానికి బయట అమ్మే పవర్ బాక్సు తగిలించిన బండిలో ఆ అంకె నమ్మకండి. ఆ బాక్సుల్లో చాలావరకు చేసేది సెన్సార్ సిగ్నల్‌ను తగ్గించి ఈసీయూకి (ఇంజిన్ కంప్యూటర్‌కి) చెప్పడమే. ప్రెషర్ తక్కువుందని ఈసీయూ ఇంకా పెంచుతుంది, స్కానరు మాత్రం తగ్గించిన అంకెనే చూపిస్తుంది. మన సెన్సార్‌కి ఆ బండ్లలో కూడా చోటు లో ప్రెషర్ వైపే: ఫిల్టర్ దాటాక, హైప్రెషర్ పంపుకు ముందు. ఒకటి చూసుకోవాలి, కొన్నింట్లో అక్కడికి వచ్చేది పీల్చిన డీజిల్, తోసింది కాదు. అలాంటప్పుడు వాక్యూమ్ సెన్సార్ కావాలి.

కాగితాల సంగతి కూడా మనసులో పెట్టుకోండి. మీటరు పెట్టుకోవడం వేరు, ఇంజిన్‌ను కంపెనీ ఇచ్చిన తీరు నుంచి మార్చడం వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ రెండోదాన్ని ఒప్పుకోదు. ఇన్సూరెన్స్ క్లెయిము రోజున అది బయటికి వస్తుంది.

బిగించాక లోడు లేకుండా ఒకసారి తిప్పి, ఇంజిన్ చల్లారాక బాంజోలు మళ్ళీ ఒక పట్టు చూడండి, వేడికి రాగి వాషరు కొంచెం కూర్చుంటుంది. తర్వాత లోడుతో సాలూరులో ఐడిల్, సుంకి ఎక్కేటప్పుడు ఫుల్ తొక్కినప్పుడు, పొట్టంగి దగ్గర మళ్ళీ ఐడిల్, మూడు రీడింగులు తీసుకోండి. ఐడిల్‌లో కొంత తక్కువున్నా పర్వాలేదు, తొక్కినప్పుడు కూలిపోకూడదు. టూల్ బాక్సులో ఆ చూడికి సరిపోయే ప్లగ్గు ఒకటి, రాగి వాషర్లు నాలుగు పడేసి ఉంచండి. ఘాట్‌లో రాత్రిపూట హోసు పోతే సెన్సార్ తీసేసి రంధ్రానికి ప్లగ్గు కొట్టి, చేతి ప్రైమర్‌తో ఎయిర్ తీసి, కొండ దిగిపోవచ్చు.